గుండు టైరు, పన్నెండో గడి

నేను ఒక రేసు టైరును. వెనక ఎడమవైపు. టైరు అనగానే మీ స్కూటరుకి ఉండేలాంటిదే అనుకోకండి. నా ముఖం మీద ఒక్క గీత కూడా ఉండదు. పుట్టుకతోనే నున్నగా ఉంటాను, ఎందుకంటే పొడినేల మీద గీతల్లేని టైరుకే పట్టెక్కువ. ఈ సంగతి తెలియక ఒకసారి హైవే మీద ఒక కానిస్టేబులు నన్ను వ్యానులో చూసి, "ఏమయ్యా, ఇంత గుండు టైరేసుకుని తిరుగుతారా? ప్రాణాలంటే లెక్కలేదా?" అని మావాళ్ళకి అరగంట నీతులు చెప్పాడు. అప్పటికి నా వయసు పదకొండు రోజులు.

ఇంకో సంగతి. మామూలు కార్ల టైర్లు రేకు చాటున బతుకుతాయి. మా ఫార్ములా కార్లకి ఆ రేకు ఉండదు. నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి. అందరూ మమ్మల్నే చూస్తారు కాబట్టి మాకు కాస్త టెక్కు. ఆ "అందరూ" ఎవరని మాత్రం అడక్కండి, అక్కడికే వస్తున్నాను.

తమిళనాడులో ఒక ఫ్యాక్టరీలో వేడివేడి అచ్చులోంచి ఊడిపడ్డాను. నా మొదటి యజమాని హైదరాబాదు కుర్రాడు నిశాంత్. మంచి కారు, మంచి బట్టలు, షెడ్డులో కూలరు. నన్ను తొడిగి పదకొండు రౌండ్లు తిప్పి, పన్నెండో రౌండులో కారు తీసుకెళ్ళి ఇసుకలో పెట్టాడు. దిగి, నన్ను కాలితో తన్ని, "దీనికి పట్టు లేదు" అన్నాడు. స్టీరింగు తిప్పింది తను, బ్రేకు మరచింది తను, పట్టు లేనిది నాకట! ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆ తన్ను నేను మర్చిపోలేదు. టైర్లకి పగ ఉండదని ఎవరన్నా అంటే నమ్మకండి.

పక్క షెడ్డులోంచి ఇదంతా చూసిన పెద్దాయన మెల్లిగా వచ్చి, "బాబూ, పారేస్తే నేను తీసుకోనా?" అని అడిగాడు. "తీస్కపోండి అంకుల్" అన్నాడు నిశాంత్. అలా మేం నలుగురం బెజవాడ ఆటోనగర్ చేరాం.

ఆ పెద్దాయన వీరాస్వామి. ముప్పై ఏళ్ళుగా లారీలకి బాడీలు కడతాడు. ఖాళీ వేళల్లో ఒక ఫార్ములా కారు కూడా కట్టాడు. దాన్ని నడిపేది ఆయన అన్నగారి కూతురు పరిమళ. ముప్పై నాలుగేళ్ళ మనిషి, సొంత డ్రైవింగు స్కూలుంది. వారమంతా "క్లచ్చు మెల్లిగా వదలండి, గుంట చూసుకోండి" అని ఊరందరికీ ఇరవై వేగంలో నేర్పి, ఆ ఉక్రోషమంతా శనాదివారాలు మా మీద చూపించేది. నాకు ఆవిడంటే ఇష్టం. ఒక్కసారి కూడా తన్నలేదు.

పందేలు జరిగేది చింతలదిన్నె ట్రాకులో. వాడకం మానేసిన పాత రన్‌వేకి నాలుగు వంపులు తగిలించి కట్టారు. కిందటేడు చూడ్డానికి వచ్చింది పదిహేడు మంది. అందులో పదిమంది డ్రైవర్ల చుట్టాలు, నలుగురు పోలీసులు, ఇద్దరు ఐసుక్రీము బండివాళ్ళు, ఇంకొకాయన దారితప్పి వచ్చాడు. అది చూశాక వీరాస్వామికి మనసు విరిగింది.

"చూసే దిక్కులేని పందేనికి ఎందుకే అమ్మాయ్ ఈ తాపత్రయం? ఉయ్యూరు ఏడుకొండలు చెరుకురసం బండికి ఇంజను కావాలంటన్నాడు. ఇచ్చేద్దాం" అన్నాడు.

పరిమళ ముఖం వాడిపోయింది. "ఈ ఏడు ఒక్కసారి రేసులో నిలబడనియ్ బాబాయ్. నిలబడలేకపోతే నువ్వన్నట్టే చేద్దాం."

"సరే. నిలబడితే కారుంటది. లేదంటే ఏడుకొండలుకి ఫోన్ కొట్టేస్తా."

అంతకుముందయితే నిలబడ్డం పెద్ద పని కాదు. వచ్చిన ప్రతి కారునీ రేసులోకి తోసేవాళ్ళు. కానీ ఆ ఏడు నిర్వాహకుడు రంగరాయుడు గారికి ఒక ఆలోచన వచ్చింది. కార్లు పదమూడు. రేసు మొదట్లో కార్లు నిలబడడానికి ఆయన నేల మీద సున్నంతో గీయించిన గడులు పన్నెండు. ఆదివారం రేసుకి ముందు, శనివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా ఆఖరి గంట. ఎవరు ఎన్నిసార్లయినా తిరగొచ్చు. గంట కొట్టేసరికి అందరికన్నా నెమ్మదైన కారు ఇంటికి పోవాలి. అద్దంకి నుంచి ఒంగోలు దాకా ఫ్లెక్సీలు కట్టించాడు: "పదమూడు మంది వస్తారు. ఒకరు ఇంటికి పోతారు. ఎవరు?" ఎవరు గెలుస్తారన్న మాట దానిమీద ఎక్కడా లేదు.

శనివారం ఇసుకేస్తే రాలనంత జనం! ట్రాక్టర్లలో వచ్చారు, గొడుగులతో వచ్చారు, బొరుగుల మూటలతో వచ్చారు. ముందు వరసలో తిరిగే ఖరీదైన కార్లవైపు ఒక్కరూ చూడలేదు. రైలు టిక్కెట్ల వెయిటింగు లిస్టులో బతికిన జాతి కదా, వాళ్ళ ప్రాణమంతా పన్నెండు, పదమూడు పేర్ల మీదే ఉంది. మొదటిసారి వేలమంది నన్ను చూస్తుంటే నేను కొంచెం ఉబ్బాను. వీరాస్వామి గాలి తగ్గించాడు.

మైకులో కోటిలింగం. ఆయన అసలు వృత్తి ఎడ్ల బండలాగుడు పోటీల్లో వ్యాఖ్యానం. కార్లు కొత్త. "బెజవాడ ఆటోనగర్ వాస్తవ్యులు వీరాస్వామి గారి జత బరిలోకి దిగుతోందీ!" అని అరిచేవాడు. రెండో ఎద్దు ఎక్కడుందా అని నేను కూడా ఒకసారి వెతికాను.

నాలుగున్నరకి మాది పన్నెండో స్థానం. మా రౌండు ఒక నిమిషం పన్నెండు సెకన్ల మీద డెబ్భై ఒక్క వందోవంతులు. పదమూడోవాడు ఎవరనుకున్నారు? మా నిశాంత్! పొద్దున్నే గేరుబాక్సు మొరాయించి, అసలు తిరగనేలేదు. ఆ కబురు విని నేను ఎంత సంతోషించానో చెప్పడం మర్యాద కాదు.

ఆ సంతోషం ఇరవై నిమిషాలు కూడా లేదు. నిశాంత్ ఒకే గేరులో ఇరుక్కున్న కారుని ఏడిపించుకుంటూ తెచ్చి, నిమిషం పన్నెండు సెకన్ల నలభైలో రౌండు పూర్తిచేశాడు. అక్కడితో వాడి గేరుబాక్సు ప్రాణం వదిలింది. కానీ పని అయిపోయింది. వాడు పన్నెండు, మేం పదమూడు. గంటకి పన్నెండు నిమిషాలుంది.

పెద్ద జట్లు టైర్లకి కరెంటు దుప్పట్లు చుట్టి వేడిచేస్తాయి. మాకు ఆ సదుపాయం లేదు, మే నెల ఎండ ఉంది. వీరాస్వామి మమ్మల్ని మధ్యాహ్నం నుంచీ ఖాళీ దొరికినప్పుడల్లా నల్ల టార్పాలిను కింద ఎండబెట్టాడు. నేను సలసల కాగి మెత్తగా జిగురెక్కి ఉన్నాను. వేడెక్కిన రేసు టైరుకి నేల మీద ఏది కనిపించినా అతుక్కుపోతుంది. అదే మా గొప్ప. ఆ స్థితిలో ఉండగా ఆయన చొక్కా జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీశాడు.

మీకు తెలుసు కదా. కొత్త బండయినా, పాత బండయినా, పెద్ద పనికి బయల్దేరితే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. ఆయన చేతిమీదుగా వెళ్ళిన ప్రతి లారీ తొక్కింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మేమూ తొక్కాం, ఏమీ కాలేదు. ఇప్పుడు తొక్కగానే పిప్పి, గింజలు, తొక్క మొత్తం నా ముఖానికి అతుక్కున్నాయి. మొదటి వంపులోనే నా కాలు నాకు నిలవలేదు. పరిమళ ఎలాగో నిలబెట్టి లాక్కొచ్చింది. నిమిషం పదమూడు సెకన్ల పైన. కోటిలింగం విషాదంగా, "జత తడబడిందీ..." అన్నాడు.

షెడ్డులోకి వచ్చేసరికి నాలుగు నిమిషాలుంది. వీరాస్వామి చేతిలో ఈసారి ఎనిమిది నిమ్మకాయలు.

"దిష్టి గట్టిగా తగిలిందే అమ్మాయ్. అంత జనం చూస్తంటే తగలదా? ఈసారి రెండేసి పెడతా."

"బాబాయ్, నిమ్మకాయ వద్దు."

"ఏంటీ?"

"టైరు కాలిపోతంది. తొక్క అంటుకుని జారిపోతన్నా."

"ముప్పై ఏళ్ళనించీ పెడతన్నానే! నిమ్మకాయ తొక్కకుండా ఒక్క లారీ అన్నా నా షెడ్డు దాటిందా?"

"లారీలకి పెట్టు బాబాయ్. దీనికొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

చిన్నప్పటినుంచీ ఆయన మాటకి ఎదురుచెప్పని పిల్ల. ఒక్క క్షణం నాకు ఆయన మీద జాలేసింది, నా ముఖం మీద తొక్క ఉన్నాసరే. తర్వాత ఆయన నిమ్మకాయలు జేబులో కుక్కుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, లారీలకి పుట్టీ పట్టించే రేకుతో నన్ను గీకడం మొదలుపెట్టాడు. చేతులు కాలుతున్నా ఆపలేదు. భుజం మీద తువ్వాలుతో తుడిచాడు. అయినా మనసొప్పక, పరిమళ హెల్మెట్టుకి రెండు వైపులా మెటికలు విరిచి, "పో తల్లీ" అన్నాడు.

గంటకి నలభై సెకన్లుందనగా గీత దాటాం. గంటకి ముందు మొదలైన రౌండు లెక్కలోకి వస్తుంది, మాకు అదే ఆఖరిది. పందెం రోజుకి దాచుకోవలసిన రబ్బరు నా ఒంటిమీద సన్నటి పొర మిగిలుంది. దాచుకోలేదు. ప్రతి వంపులో కొంత వదిలేశాను. ఆఖరి వంపు దగ్గర రబ్బరు అరిగిపోయి లోపలి నేత గుడ్డ నేలకి తగులుతున్న సంగతి నాకు తెలుస్తోంది. భయమేసింది. పరిమళకీ వేసే ఉంటుంది, కానీ కాలు తియ్యలేదు.

"ఒక నిమిషం... పన్నెండు... ముప్పై ఏడు అడుగులు!" అని కోటిలింగం గొంతు చించుకుని, "సెకన్లు, సెకన్లు!" అని దిద్దుకున్నాడు.

నిశాంత్ కన్నా సెకనులో మూడు వందోవంతులు తక్కువ. జనం లేచి కేకలేశారు. కాస్త జాగ్రత్తగా వింటే వాళ్ళు అరుస్తున్నది "వచ్చిందిరోయ్" అని కాదు, "పోయాడ్రోయ్!" అని. తువ్వాళ్ళు గాల్లోకి ఎగిరాయి. మూటలు కట్టుకుంటూ ఒకాయన పక్కాయన్ని, "రేపు కూడా ఉందంటగా?" అని అడిగాడు. "రేపేముంది? అందరూ ఉంటారంట. ఎవురూ పోరంట" అన్నాడు పక్కాయన. ఇద్దరూ ట్రాక్టరెక్కారు.

ఆ సాయంత్రం నిశాంత్ మా షెడ్డుకి వచ్చాడు. గొడవకొచ్చాడేమోనని వీరాస్వామి తువ్వాలు బిగించాడు. వాడి వెనక తోపుడుబండి మీద నాలుగు కొత్త టైర్లున్నాయి. "అక్కా, మీ టైర్లు ఖతమైనయ్ కదా. నాకిగ వీటితోటి ఏం పని? ఏస్కోండి" అన్నాడు. పరిమళకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడి మీద నేను రెండేళ్ళుగా పెంచుకున్న పగ ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఇంకా దాంతో అవస్థ పడుతున్నాను.

నన్ను ఆఖరి వంపు దగ్గర టైర్ల గోడలో పెట్టారు. అదుపు తప్పిన కారు వచ్చి గుద్దుకోవడానికి పాత టైర్లు పేర్చిన గోడ అది. పదవీ విరమణే, కానీ ముందు వరస.

ఆదివారం జనం కూర్చునే స్టాండులో పదకొండు మందిని లెక్కపెట్టాను. రంగరాయుడు గారు ఖాళీ కుర్చీల వంక చూసి చూసి, "వచ్చే ఏడు రేసు తీసేసి, ఆఖరి గంటొక్కటే పెడదామా?" అని కోటిలింగాన్ని నిజంగానే అడిగాడు. "పెళ్ళిచూపులు పెట్టి పెళ్ళి మానేద్దామంటారా అండీ?" అన్నాడు కోటిలింగం. నేనూ ఆ ప్రశ్న మీద చాలాసేపు ఆలోచించాను. ఒకణ్ణి ఇంటికి పంపే ముచ్చట చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఇళ్ళకి పోయారు. ఇంటికి పోవాల్సిన నిశాంత్ మాత్రం వెళ్ళకుండా స్టాండు మొదటి మెట్టు మీద కూర్చుని బొరుగులు తింటున్నాడు.

ఇరవై రౌండ్ల రేసు. పదిహేడో రౌండు దాకా పరిమళ పన్నెండో స్థానంలోనే ఉంది. పద్దెనిమిదో రౌండులో నా ఎదురుగా, ముందున్న నీలం కారు వంపులో కాస్త వెడల్పుగా వెళ్ళింది. పరిమళ లోపలివైపు నుంచి దూరింది. రెండు కార్లూ చక్రం పక్కన చక్రం, మధ్యలో బెత్తెడు సందు. బయటికి వచ్చేసరికి ఆమె ముందుంది. స్టాండులో నిశాంత్ ఒక్కడూ లేచి ఈల వేశాడు.

రేసు అయ్యాక పెట్రోలు అయిపోయి కారు నా దగ్గరే ఆగింది. వీరాస్వామి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరూ లేకపోయారు కదే అమ్మాయ్, ఖాళీ కుర్చీల ముందు తిరిగావు" అన్నాడు దిగులుగా.

"ఎదురుగా పదకొండు కార్లుంటే కుర్చీల వంక ఎవరు చూస్తారు బాబాయ్? ఒకణ్ణి దాటాను, చూశావా?"

ఆయన తెల్లబోయాడు. "ఏడుకొండలు ఫోన్ చేస్తే అటు తిరిగి మాట్లాడతన్నానే..."

"ఏమన్నావు?"

"ఇంజను లేదు, చెరుకు నువ్వే నవులుకోమన్నా."

పరిమళ నవ్వుతూ, ఏడుస్తూ, రెండు చేతులతో రెండు కార్లు చేసి తను ఎలా దాటిందో చూపించింది. మూడుసార్లు చూపించినా ఆయనకి లోపలివైపు ఏదో, బయటివైపు ఏదో అర్థం కాలేదు. అదంతా జరిగింది నా కళ్ళెదుట. అడిగితే ఏ చక్రం ఎక్కడుందో అంగుళాలతో సహా చెబుదునని ఆ రోజు నుంచీ ఇక్కడ కాచుకుని ఉన్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే మీకు చెప్పాను.