ఒక రాడ్డు కాలేంతసేపు

పొద్దున తొమ్మిదయ్యేసరికి మేస్త్రి ఇంటి వరండాలో ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉంటారు. అందరి ఒళ్ళోనూ వెల్డింగ్ హెల్మెట్లే, మంట వెలుగు తగలగానే గ్లాసు దానంతటదే నల్లబడే రకం. కొన్ని ఇంకా పెట్టెలోంచి పూర్తిగా బయటికి రానివి, కొన్ని తోటివాళ్ళని అడిగి తెచ్చుకున్నవి. ఊళ్ళో ఏ వెల్డరైనా హెల్మెట్ కొనే ముందు దాన్ని మేస్త్రి కళ్ళముందు ఒకసారి పెట్టుకుని చూడాల్సిందే. దుకాణంవాడు కూడా బేరం మొదలుపెట్టకుండానే, "ముందు మేస్త్రిగారికి చూపించుకుని రండి" అని పంపించేస్తాడు.

మేస్త్రి ముప్ఫై ఎనిమిదేళ్ళు బాయిలర్ల కర్మాగారంలో వెల్డింగ్ చేశాడు. రిటైరైన మరుసటి వారం ఒక పొద్దున నిద్ర లేచి కళ్ళు తెరిస్తే గదంతా వెల్డింగ్ ఆర్కు వెలుగు. అన్నేళ్ళు చూసిన వెలుగంతా ఎక్కడికీ పోకుండా ఆ కళ్ళలోనే ఉండిపోయి, పని మానేశాక తీరిగ్గా బయటికి రావడం మొదలుపెట్టింది. కళ్ళడాక్టరు నల్ల గ్లాసు అడ్డం పెట్టుకుని పరీక్ష చేశాడు.

"నిల్వ ఉన్నంతకాలం వస్తుంది. కళ్ళు తెరిచినప్పుడల్లా కొంత ఖర్చవుతుంది. అది అయిపోతే చూపు కూడా పోతుంది. పొదుపుగా వాడుకోండి" అని చుక్కలమందు రాసిచ్చాడు.

"అయిపోగానే పోతుందా డాక్టరుగారూ?" అని మేస్త్రి భార్య అడిగింది.

"వెంటనే పోదమ్మా. దీపం ఆర్పాక వత్తి కాసేపు ఎర్రగా ఉంటుంది చూడండి, అలా ఉంటుంది. ఎన్నాళ్ళో నేను చెప్పలేను."

ఇంటికొచ్చి సర్దుకోవాల్సినవి సర్దుకున్నారు. మంచానికి ఎదురుగా ఉన్న పెళ్ళిఫోటో మొదటి నెలలోనే తెల్లకాగితమైపోయింది, దాన్ని తీసేశారు. నూలు తెరలు చివికిపోతుంటే వాటి బదులు తోలు తెరలు కట్టారు. పక్కింటావిడ రంగుబట్టలు వెలిసిపోతున్నాయని ఆరేసే తాడును పెరటివైపుకు మార్చుకుంది. కర్మాగారంలో వెల్డింగ్ రాడ్డు అంటించే ముందు చుట్టుపక్కలవాళ్ళు పక్కకి తిరగడానికి "కళ్ళు!" అని అరుస్తారు. మేస్త్రి కూడా కళ్ళు తెరిచే ముందు అలాగే అరిచేవాడు. వీధిలో పోయేవాళ్ళు ఆ కేక వినగానే ముఖం అటు తిప్పుకుని నడిచి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ మొదటి వారంలోనే మేస్త్రి భార్య ముఖం కమిలి పొట్టు లేచింది. రెండు రాత్రులు కళ్ళలో ఇసుక పోసినట్టుందని నిద్రపోలేదు. ఆ తర్వాత హెల్మెట్ లేకుండా ఆవిడ ఎదురుగా ఉంటే మేస్త్రి ఎప్పుడూ కళ్ళు తెరవలేదు. తెరిచినప్పుడు ఎదురుగా ఎవరున్నా హెల్మెట్‌తోనే ఉండేవాళ్ళు. అంటే ఆరేళ్ళుగా ఆయన మనిషి ముఖమన్నది చూడలేదు.

భార్యాభర్తలకి ఒకే విషయంలో గొడవ. ఆవిడకి పొదుపు కావాలి. రోజుకి నాలుగు నిమిషాలు తెరిస్తే ప్రాణం పోయేదాకా చూపుంటుందని ఆవిడ లెక్క. ఆయనేమో వచ్చినవాడికల్లా ఒక రాడ్డు కాలేంతసేపు కళ్ళు తెరిచి కూర్చుంటాడు. పిల్లలు అట్టముక్కతో చేసుకున్న బొమ్మ హెల్మెట్ తెచ్చినా కాదనకుండా చేత్తో తడిమి, గోడకేసి కళ్ళు తెరిచి, "గట్టిదేరా" అని పంపుతాడు.

"ఊళ్ళో పేరు కోసం కళ్ళు కాల్చుకుంటున్నారు" అనేది ఆవిడ.

"పేరేముందే" అనేవాడాయన.

పేరు కాదు. డాక్టరు చెప్పిన వత్తి మాట ఆయన మనసులో పడిపోయింది. వెలుగు మొత్తం అయిపోవాలి, చూపింకా మిగిలుండాలి. ఆ మధ్యలో ఉన్న కాస్త సమయంలో భార్య ముఖం గ్లాసు అడ్డం లేకుండా చూడాలి. అందుకే ఉన్న వెలుగునంతా ఊరికి పంచిపెడుతున్నాడు. ఆ సమయం ఏడాది ఉంటుందో, టీ చల్లారేంతసేపు ఉంటుందో ఆయనకీ తెలియదు. తర్వాత చీకటే అని మాత్రం తెలుసు. ఆవిడకి చెబితే ఒప్పుకోదు కాబట్టి చెప్పలేదు.

ఆ రోజు చివరగా లోపలికి వచ్చింది ట్యాంకుల అమ్మాయి. పెద్ద పెద్ద నూనె ట్యాంకుల్లోకి దిగి లోపలి అతుకులు వేస్తుంది కాబట్టి అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. పోయిన నెల పాత హెల్మెట్ సమయానికి నల్లబడక కళ్ళు దెబ్బతిని, రెండు రోజులు తడిగుడ్డ వేసుకుని పడుకుంది. మర్నాటి నుంచి కొత్త ట్యాంకులో పని. దుకాణంలోంచి మూడు హెల్మెట్లు అడిగి తెచ్చుకుంది.

"మేస్త్రిగారూ, మూడిట్లో ఒకటి తేల్చిపెట్టండి."

"పడుకుని చేస్తావా, కూర్చునా?"

"అన్ని రకాలూనూ. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తల మీదే ఉంటుంది."

"అయితే ముందు బరువు చూడాలి. చేత్తో పట్టుకుంటే అన్నీ తేలిగ్గానే ఉంటాయి, మెడకి తెలియాలి. పెట్టుకో. వెనక చక్రం తిప్పి బిగించు. మరీ బిగిస్తే తలనొప్పి, వదిలేస్తే తల ఊపినప్పుడల్లా ముక్కు మీద కూర్చుంటుంది." కళ్ళు మూసుకునే లేచి వచ్చి, పట్టీ చుట్టూ వేలు పోనిచ్చి చూశాడు. "నుదురు నొక్కుతోందా?"

"కొంచెం."

"ఇప్పుడు కొంచెమంటే సాయంత్రానికి చాలా. పట్టీ ఒక గడి పైకి జరుపు. బరువు నడినెత్తి మీద కూర్చోవాలి, నుదుటి మీద కాదు. ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

"ముందువైపు వెలుగు పట్టే కళ్ళు ఎన్నున్నాయి?"

"నాలుగు."

"మంచిది. ట్యాంకులో ఏదో ఒక పైపు అడ్డమొచ్చి రెండు మూసుకుపోతాయి. మిగతా రెండూ పట్టుకోవాలి. రెండే ఉన్నవాటిని నమ్ముకుని లోపలికి దిగకు. బ్యాటరీ మార్చుకునేదేనా? సరే, కూర్చో."

ఆయన కుర్చీలోకి వెళ్ళి సర్దుకుని "కళ్ళు!" అన్నాడు. వరండాలో మిగిలిన ఒకాయన గోడకేసి తిరిగాడు. మేస్త్రి కళ్ళు తెరిచాడు.

"నల్లబడలేదండీ" అంది అమ్మాయి.

ఆయన గభాలున మూసేశాడు. "కళ్ళు మండుతున్నాయా?"

"లేదు."

"ఇప్పుడేం తెలీదులే, సాయంత్రం తెలుస్తుంది. తీసెయ్. పనికిరాదది."

రెండోదీ నల్లబడలేదు. మూడోదీ అంతే. మేస్త్రికి ఒళ్ళు మండింది. ముందురోజు కూడా రెండు హెల్మెట్లు ఇలాగే తిప్పి పంపాడు.

"దుకాణంవాడికి బొత్తిగా భయం లేకుండా పోయింది. మనుషుల కళ్ళతో ఆటలా? మూడూ తీసుకెళ్ళి వాడి మొహాన కొట్టు."

ట్యాంకుల అమ్మాయి మొహాన కొట్టే రకం కాదు, తేల్చుకునే రకం. వీధి చివర గేట్లు చేసే షెడ్డుంది. అక్కడ వాళ్ళని బతిమాలి రాడ్డు పట్టే హోల్డరు తీసుకుని, ఒక్కో హెల్మెట్ పెట్టుకుని ఒక్కో రాడ్డు అంటించింది. అరగంటలో తిరిగొచ్చింది. అప్పటికి వరండా ఖాళీ అయింది.

"మేస్త్రిగారూ, కోప్పడరు కదా?"

"చెప్పు."

"షెడ్డులో రాడ్డు కొట్టి చూశాను. మూడూ నల్లబడ్డాయి, రెప్ప వేసేలోపే."

మేస్త్రి చెయ్యి చాపి ఒక హెల్మెట్ అందుకుని గ్లాసు తడిమాడు.

"అందుకని... తప్పు వీటిది కాదేమో అని."

"ఇందాక నేను కళ్ళు తెరిచినప్పుడు నీకేం కనిపించింది?"

"కళ్ళే. మామూలు కళ్ళు. కొంచెం ఎర్రగా ఉన్నాయి, మా నాన్నవి లాగానే."

ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నిన్నటి రెండు హెల్మెట్లు కూడా మంచివేనన్నమాట. అంటే వెలుగు నిన్నటికే అయిపోయింది, తెరిచీ తెరవగానే మూసెయ్యడంలో ఆయనే గమనించలేదు. మిగిలిన చూపులోంచి ఒక రోజు హెల్మెట్లను చూడ్డానికే పోయింది.

"మరి నేను ఏది కొనుక్కోను?" అంది అమ్మాయి. ఆమె కష్టం ఆమెది.

"నల్లబడటానికి మూడూ నల్లబడ్డాయిగా. ఏది పెట్టుకున్నాక తల మీద ఉందన్న సంగతే మర్చిపోతావో అది కొను. వెళ్ళు తల్లీ. వెళ్తూ గేటు వేసెయ్, ఇంకెవర్నీ రానివ్వకు."

ఆమె రెండోది కొనుక్కుంది. చాలా ఏళ్ళు దాంతోనే పనిచేసింది.

గేటు చప్పుడు వినగానే మేస్త్రి కేకేశాడు. "ఇదిగో, నిన్నే! ఒకసారిలా రా."

ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వస్తూ వస్తూ తలుపు వెనక మేకుకి ఉన్న హెల్మెట్ తీసి పెట్టుకుంది. అది ఆయన కర్మాగారంలో వాడిన పాతది. మందపాటి ఫైబరు డిప్ప, కదలని నల్ల గ్లాసు. అది దించుకుంటే ఆవిడకి ఆయన రెండు పచ్చటి చుక్కలుగా మాత్రమే కనిపించేవాడు.

"తెరవండి, పెట్టుకున్నాను" అంది.

"తియ్యి."

"ఏం తియ్యమంటారు?"

"హెల్మెట్."

"మతి పోయిందా ఏమిటి?"

ఆయన జరిగింది చెప్పాడు. ఆవిడ అక్కడే నేల మీద కూలబడింది.

"ఆరేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నాను" అంది డిప్పలోంచే. "పొదుపుగా వాడండీ, పొదుపుగా వాడండీ అని. వచ్చిన ప్రతివాడికీ పంచిపెట్టారు. ఇప్పుడేం చేస్తారు?"

"అయిపోవాలనే పంచిపెట్టాను."

"ఏమిటీ?"

"గ్లాసు లేకుండా నిన్ను చూడాలనిపించింది. అది అయిపోతే తప్ప కుదరదుగా."

"ముందే చెప్పొచ్చుగా" అంది ఆవిడ.

"చెబితే గేటుకి తాళం వేసేదానివి."

"వేసేదాన్నే" అంది ఆవిడ.

ఆ తర్వాత రెండు చేతులతో హెల్మెట్ పైకెత్తి తీసి పక్కన పెట్టింది. ఎందుకైనా మంచిదని కళ్ళు మాత్రం బిగించి మూసుకుంది, సబ్బు నురగ ముఖం మీదున్నప్పుడు మూసుకున్నట్టు. మేస్త్రి కళ్ళు తెరిచాడు. గోడ మీద వెలుగు పడలేదు. గదిలో ఉన్నదంతా కిటికీలోంచి వస్తున్న మామూలు పగటి వెలుగే.

జుట్టు నెరిసింది, అది ఆయన ఊహించిందే. బుగ్గలు కొంచెం లోపలికి పోయాయి. నుదుటి మీద మాత్రం ఈ కణత నుంచి ఆ కణత దాకా వేలెడు మందాన నల్లటి గాడి ఉంది. పట్టీ ఒరిసీ ఒరిసీ అక్కడి చర్మం చేతి కాయలా మొద్దుబారిపోయింది. ముందుకి లాగే బరువు ఆరేళ్ళు మోసి మెడ కూడా కాస్త వంగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ డిప్ప మోసినవాడు కాబట్టి ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

"నొప్పిగా ఉండేదా?"

ఆవిడ మెల్లగా కళ్ళు తెరిచింది. "మొదటి రెండేళ్ళు."

"ఊళ్ళో ప్రతివాణ్ణీ అడిగాను, నుదురు నొక్కుతోందా అని" అన్నాడాయన. అనడానికి సిగ్గేసింది.

"తెలుసు. వంటింట్లోకి అన్నీ వినిపిస్తాయి."

"ఒక్క మాట చెప్పకపోయావా? మంచిది చూసి తెచ్చేవాణ్ణి కదా."

"ఎక్కడ తెస్తారు? నాకు నొప్పి అంటే నా ముందు కళ్ళు తెరవడమే మానేసేవారు. మీ సంగతి నాకు తెలీదా?"

మేస్త్రి బొటనవేలు ఆ గాడిలో పెట్టి ఒక కొస నుంచి మరో కొస దాకా నెమ్మదిగా పోనిచ్చాడు. ఆయనకి ఏడుపొచ్చింది. ఏడిస్తే చూపు మసకబారుతుందని ఆపుకున్నాడు.

చూపు ఇంకా పదకొండు రోజులుంది. ఆ పదకొండు రోజులూ గేటు తియ్యలేదు. బయట హెల్మెట్లు పట్టుకుని వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, సంగతి తెలుసుకుని వెళ్ళిపోయారు. ఆవిడ ఉల్లిపాయలు తరిగినా, దుప్పట్లు మడతపెట్టినా, గుండీలు కుట్టినా ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "అలా గుడ్లప్పగించి చూస్తుంటే పనెలా సాగుతుంది?" అని రెండుసార్లు విసుక్కుంది. మూడోసారి విసుక్కోలేదు. పని కూడా అంత తొందరగా చెయ్యలేదు.

పన్నెండో రోజు ఆయన లేచి కూర్చుని, "తెల్లారిందా?" అని అడిగాడు. ఎండ అప్పటికే కిటికీలోంచి మంచం మీదికి వచ్చి ఆయన మోకాళ్ళ దాకా పడి ఉంది.

ఆవిడకి అబద్ధమాడే అలవాటు లేదు. "తెల్లారింది" అంది.

ఆయన తల ఊపాడు. "నువ్వు నవ్వేటప్పుడు ముందు ఎడమవైపు నవ్వుతావు, తర్వాత కుడివైపు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు" అన్నాడు.

ఆవిడ మంచం అంచున కూర్చుని నవ్వింది. ఆయనకి కనిపించలేదు. ఏ వైపు ముందు నవ్విందో మాత్రం తెలుసు.