ఎండుటాకుల కింద తడి

“ఈ ఇంట్లో ఆడమనిషి ఉన్నట్టేనా?” అంది అత్తగారు, కారు దిగి నడుమైనా నిటారు చేయకముందే.

కంటి ఆపరేషన్ కోసం తన ఊరు కాన్యె నుంచి కొడుకింటికి వచ్చింది ఆవిడ. ఎదురుగా నిలబడ్డ కోడలి మొహం మసగ్గా ఉందన్న మనిషికి, మామిడిచెట్టు కింద పరిచిన ఎండుటాకులు మాత్రం గేటు దగ్గర్నుంచే కనపడ్డాయి.

“రండమ్మా, టీ పెడతాను” అంది బొనోలో, సంచీ అందుకుంటూ.

“టీకేం తొందర. చీపురు అరిగిపోయిందని కబురు చేస్తే నేనే ఒకటి కట్టి తెచ్చేదాన్ని కదా, కాబో తల్లీ.” కూతురు కాబో పుట్టాక బొనోలోని ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు.

“అరగలేదమ్మా. కావాలనే ఉంచాను. ఆకులుంటే కింద తడి ఆరిపోదు.”

“ఆకుల కింద తడి కాదమ్మా, పాము ఉంటుంది.”

మొలెఫి పకపకా నవ్వాడు. తల్లి ఏం మాట్లాడినా అతనికి నవ్వొస్తుంది. ఆ మాట ఎవరికి తగిలిందో మాత్రం చూడడు.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు. వాళ్లుండే ట్లొక్వెంగ్‌లో అయితే ఇంటి లోపలిదాకా కూడా పోనక్కర్లేదు, వాకిలి చాలు. తెల్లారేసరికి గడ్డిపరక లేకుండా ఊడ్చి, ఎర్రమట్టి మీద చీపురు గీతలు వంపు వంపుగా తేలి ఉండాలి. ఆకు రాలిన నేల కనపడిందంటే ఆ ఇంటి కోడలు ఒళ్లు దాచుకుందని అర్థం. బొనోలోకీ చిన్నప్పటి నుంచి చేతికి చీపురిచ్చి నేర్పింది అదే. కాబట్టి అత్తగారి మాట కొత్తదేమీ కాదు. కొత్తగా ఉన్నది తనలో పొంగిన కోపమే.

మొలెఫి తోటంటే ఆ పేటంతటికీ తెలుసు. అవును, మొలెఫి తోట. కుళాయి ధారాళంగా వచ్చిన రోజుల్లో అతను ఆఫీసు నుంచి రాగానే నిక్కరు వేసుకుని, పచ్చ పైపు పట్టుకుని ముందు గడ్డి మీద నిలబడేవాడు. దారిన పోయేవాళ్లని పలకరిస్తూ, ఎండ ఇంకా చురచురలాడుతుండగానే ఆకుల మీదా గోడ మీదా రోడ్డు మీదా చిమ్మేవాడు. తర్వాత వానలు మొహం చాటేశాయి. డ్యాము అడుగంటింది. తోటలకు పైపు పెట్టకూడదన్నారు. ఆ రోజు పైపు చుట్టి గోడకు తగిలించి, “ఇక స్నానం నీళ్లే దిక్కు, కాబో తల్లీ” అన్నాడు. అంతే. పైపుతో పోసినన్నాళ్లూ అది మగవాడి సరదా. బకెట్‌తో మోయాల్సి వచ్చేసరికి ఇంటి పని అయింది, ఇంటి పని అయ్యేసరికి ఆమెది అయింది. ఎవరూ అడగలేదు, ఎవరూ అప్పగించలేదు. పొద్దెక్కాక పొరుగింటి ఫెకో గోడ మీంచి తొంగిచూసి, “ఈ కరువులోనూ పచ్చగా ఉంచావే” అంటే, “కాస్త శ్రద్ధ పెట్టాలి, అంతే” అనేవాడు మొలెఫి, టీ కప్పు చేత్తో పట్టుకుని.

ఆ శ్రద్ధ చీకటితోనే లేచేది. రాత్రి స్నానాల నీళ్లు తొట్టిలో నిలవుంచి, తెల్లవారుజామున తోడి, వంటింటి గడప దాటించి, పెరటి నిమ్మకూ ముందు మామిళ్లకూ మోసేది. సబ్బుపొడి నీళ్లు నిమ్మకు పడవు, జాడించిన నీళ్లే పోయాలి. చలికాలంలో గడ్డి పసుపెక్కితే ఎక్కనీ, అది నిద్రపోతోంది, లేపకూడదు. చెట్లకు మాత్రం ఎప్పుడో ఒకసారి, అదీ మంచు విడిచాకే. చలికాలం పోతూ వీచే ఆగస్టు గాలికి నేల పైపైన ఎండుతుంది, వేసవి మొదలయ్యే అక్టోబరు ఎండకు లోపలిదాకా ఎండుతుంది. తొలిరోజుల్లో అందరిలాగే మాను మొదట్లో కుమ్మరించేది. తాగే వేళ్లు అక్కడుండవు, కొమ్మల నీడ ఆగేచోట ఉంటాయని తెలుసుకుని, అక్కడ గుండ్రంగా గాడి తవ్వింది. ఇవన్నీ నడుం నొప్పితో నేర్చుకున్నవి. తను పనిచేసే మందుల షాపులో మేనేజరు ఆమె పగిలిన మడమలు చూసి, “ఏమ్మా, పొలం నుంచి నేరుగా దిగుతున్నావా?” అన్నప్పుడు కౌంటర్ ముందు నిలబడ్డ రోగులు కూడా నవ్వారు.

ఈ చలికాలం జ్వరం వచ్చి, ఊడ్చే ఓపిక లేక ఆకులు అలాగే వదిలేసింది. కాళ్లల్లో సత్తువ వచ్చాక చీపురు పెడితే, కింద మట్టి చల్లగా, వేలు దిగేంత మెత్తగా ఉంది. ఆమె చీపురు అక్కడే ఆపింది. రోడ్డు పక్క ఎండుగడ్డి కూడా కోసుకొచ్చి మందంగా పరిచింది. ఎండలు మొదలయ్యాక రోజూ మోయాల్సిన నీళ్లు వారానికోసారికి వచ్చాయి. తెల్లవారుజామున ఆమెకు ఒక గంట మిగిలింది. ఆ గంటలో ఆమె ఏమీ చేయలేదు. పక్కలోనే కళ్లు తెరుచుకుని, రేకు మీద పావురాల నడక వింటూ పడుకుంది. పెళ్లయ్యాక తనకంటూ దొరికిన మొదటి గంట అది. ఆ మాత్రానికే కళ్లు చెమర్చినందుకు తన మీద తనకే జాలేసింది.

శనివారం మధ్యాహ్నం షాపు నుంచి వచ్చేసరికి గేటు దగ్గరే పొగ వాసన. మామిళ్ల కింద, నిమ్మ కింద నేల నున్నగా బోడిగా ఉంది. చీపురు గీతలు అందంగా తేలాయి. ఒక మూల ఆకులూ గడ్డీ కాలిన బూడిద.

“చూశావా, ఇప్పుడు మనుషులుండే ఇల్లులా ఉంది” అంది అత్తగారు చీపురు పక్కన పెడుతూ. “ఎల్లుండి ఆపరేషనయ్యాక వంగొద్దంటారు కదా, ఈలోపే చేసేశాను. నీకు తీరదని.”

“అమ్మ ఒక్కతీ కష్టపడుతుంటే చూడలేక నేనూ ఒక చెయ్యి వేశా” అన్నాడు మొలెఫి. నీళ్లు మోసిన ఇన్నాళ్లలో ఆ చెయ్యి ఎక్కడికి పోయిందో!

“ఇప్పుడు మళ్లీ రోజూ పోయాలి” అంది బొనోలో.

“పొయ్యి. రోజూ పోసేదానివేగా. నెలాఖరుకి మా ఆఫీసు వాళ్లు భోజనానికొస్తున్నారు, తోట చూపిస్తానని చెప్పా. కాస్త చూసుకో.”

చెట్ల కింద కాలింది ఆకులు కాదు, తన తెల్లవారుజాములు. ఆ మాట అంటే ఇద్దరూ నవ్వుతారు. కూతురు కాబోను చంకనేసుకుని లోపలికి పోయింది.

మర్నాడు చీకటితో మెలకువ వచ్చింది. అలవాటుగా కాళ్లు కిందికి దించింది, మళ్లీ పైకి తీసుకుంది. తోట మొలెఫిది, పరువు అత్తగారిది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? దుప్పటి మెడదాకా లాక్కుంది. నిమ్మచెట్టు గుర్తొచ్చింది, అది తను నాటిన చెట్టు. అయినా లేవలేదు.

వారం మధ్యకొచ్చేసరికి మామిడి ఆకులు వాలిపోయాయి. గోడ మీంచి ఫెకో అననే అన్నాడు, “ఏం మొలెఫీ, శ్రద్ధ తగ్గిందే.”

మొలెఫి పడకగదిలోకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “చెట్లు చస్తున్నాయి. నీకేమయింది?”

“నాకేం కాలేదు. బకెట్లు స్నానాల గది తలుపు వెనక ఉన్నాయి.”

“అంటే?”

“ఊడ్చింది మీరిద్దరూ. ఆరింది మీ నేల. పోయాల్సిందీ మీరే.”

పక్కగదిలోంచి అత్తగారు, కంటికి కట్టుతో, “నా కొడుకు మురికినీళ్లు మోస్తాడా, నలుగురూ చూస్తే?” అంది.

“చీకట్లో మొయ్యమనండమ్మా. నేనెప్పుడూ చీకట్లోనే మోశాను. ఎవరూ చూడలేదు.”

కాసేపటికి స్నానాల గదిలో బకెట్ చప్పుడైంది. మర్నాడూ అయింది. మూడోనాడు బకెట్ చప్పుడుతో పాటు మూలుగు కూడా వినపడింది. శుక్రవారం సాయంత్రం మొలెఫి ఎవరిదో వ్యాను అడిగి తెచ్చి, దాని నిండా ఎండుగడ్డి వేసుకొచ్చాడు. నడుం పట్టుకుంటూ, మూలుగుతూ, మామిళ్ల కిందా నిమ్మ కిందా మందంగా పరిచాడు.

“నేల కప్పి ఉంచాలయ్యా” అని ఫెకోకి చెబుతున్నాడు. “ఇదొక పద్ధతి. తడి ఎటూ పోదు.”

“అదీ మంచిదేలే, చల్లగా ఉంది” అంది అత్తగారు వరండాలోంచి. పాము సంగతి ఆవిడ ఎత్తలేదు.

బొనోలో కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నది. తన నడుం విరిగినన్నాళ్లూ అది ఆచారం. అతని నడుం మూడు రోజులు నొప్పెట్టగానే అది పద్ధతి అయిపోయింది. కడుపు మండిపోయింది ఆమెకు. గడ్డి తిరిగి వచ్చిందన్న సంతోషం కూడా ఆ మంటలోనే మాడిపోయింది.

మొలెఫి చేతులు కడుక్కుంటూ లోపలికి వచ్చాడు. తేలికపడ్డ మొహంతో ఆమె భుజం తట్టాడు.

“పోనీలే, ఇక గొడవ లేదు. రేపటి నుంచి నువ్వు వారానికొక్కసారి పోస్తే చాలు.”

బొనోలో ఆ చేతిని భుజం మీంచి తీసి, తుడుచుకోమని తువ్వాలు అందించింది.

“వారానికొక్కసారే కదా,” అంది. “నువ్వే పొయ్యి.”