తూకానికి తగ్గిన అమ్మాయి

భోజనాల దగ్గర ఆ అమ్మాయి రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది. "చూశారా, మా పిల్లకి నోటి మీద ఎంత అదుపో!" అని తల్లి పక్కింటావిడతో మురిసిపోయింది. "చూసి నేర్చుకో" అని ఆవిడ తన కూతుర్ని అక్కడికక్కడే దెప్పింది. పైకి ముచ్చటైన దృశ్యమే. ఆ పిల్ల కడుపులో పేగులు అరుస్తున్న సంగతి మాత్రం ఎవరికీ వినపడలేదు.

ఆమె తైక్వాండో క్రీడాకారిణి. గిర్రున తిరిగి ఎదుటివాళ్ళ తలకు గురిచూసి తన్నే తీరుకి అందరూ 'బొంగరం' అనేవారు. విదేశాలకు వెళ్ళి పతకాలు తెచ్చింది. కాని వయసుతోపాటు ఒళ్ళూ పెరుగుతుంది కదా! నలభై తొమ్మిది కిలోల విభాగం ఆమెకు చిన్నప్పటి గౌనులా బిగుతైపోయింది. అయినా అందులోనే ఆడించాలని శిక్షణ ఇచ్చే మాస్టారి పట్టుదల. పోటీ దగ్గరపడితే మంచినీళ్ళు కూడా బంద్. చెమటకి బరువు దిగాలని మండుటెండలో రెయిన్‌కోటు వేసుకుని పరుగులు. నెలసరి ఆగిపోయిందని సిగ్గుపడుతూ చెబితే, "మంచిదేలేమ్మా, ఆటకు అడ్డం ఉండదు" అన్నాడాయన. చెడ్డవాడు కాదు. ఆయన గురువులు ఆయన్నీ అలాగే తయారుచేశారు మరి.

ఆ ఏడాది అంతర్జాతీయ పోటీ సెమీఫైనల్లో బొంగరమే పాయింట్లలో ముందుంది. కాలెత్తబోయింది. లేవలేదు. కళ్ళు బైర్లు కమ్మి, ఎవరూ తాకకుండానే మ్యాట్ మీద కుప్పకూలింది. ప్రత్యర్థి అమ్మాయే తన హెడ్‌గార్డు పీకి పారేసి, పక్కన కూలబడి డాక్టర్ కోసం కేకలు పెట్టింది.

మోకాలి కింద ఎముక చిట్లింది. జట్టు డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి నిట్టూర్చింది. "సరైన తిండి లేక ఎముకలు గుల్లబారాయి. ఇంకోసారి ఇలా తూకం తగ్గిస్తే ఆట సంగతి అటుంచండి, నడకే కష్టం."

మాస్టారు తల దించుకున్నాడు. "ఇది నేను చేసిందే తల్లీ."

"కాలు బాగయ్యాక పై విభాగంలో ఆడతాను మాస్టారూ."

"అక్కడివాళ్ళు నీకంటే జానెడు పొడుగు. ఉతికి ఆరేస్తారు."

"ఆరేయనివ్వండి. కడుపు నిండా తిని ఓడిపోతాను."

అన్నంత పనీ చేసింది. వరసగా ఓడింది. బొంగరం పని అయిపోయిందని పత్రికలు రాశాయి. "ఇంకెందుకమ్మా ఈ దెబ్బలు?" అని తల్లి కళ్ళు ఒత్తుకుంటే, "నా కాళ్ళు మళ్ళీ నా మాట వింటున్నాయమ్మా, ఇంకాస్త పెట్టు" అని కంచం ముందుకు జరిపింది. తల్లి ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది. ఇన్నేళ్ళూ తను మురిసిపోయింది దేన్ని చూసో ఆ క్షణాన ఆమెకు అర్థమైంది.

ఆ తర్వాతి ఏడాది అదే అంతర్జాతీయ పోటీలో బొంగరం పై విభాగంలో కాంస్యం గెలిచింది.

శిక్షణశాలలో సన్మానం జరుగుతుంటే ఒక తల్లి తన పాపను ముందుకు తోసింది. "దీన్నీ నీలా చెయ్యాలమ్మా. ఏమేం తినడం మానిపించాలో చెప్పు."

బొంగరం ఆ పాప సన్నటి భుజం మీద చెయ్యి వేసింది. హాలంతా వినేట్టు చెప్పింది:

"ఏం మానిపించాలని అడక్కండమ్మా, కడుపు నిండిందా అని పాపను అడగండి. ఆడపిల్ల ఆకలికి క్రమశిక్షణ అని పేరు పెట్టినంతకాలం మనకు పతకాలు వస్తాయేమోగాని, పిల్లలు మిగలరు."