రెండు చీటీలు

వడ్లు తూర్పారబడుతుంటే కుడి కంట్లో పొట్టు పడింది. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్నది ఇదొక్కటే. పక్కింటి గోపమ్మ ఊళ్లో అందరికీ తీసినట్టే నాలుకతో నలుసు తీసి, ఆకు పసరు పిండింది. తెల్లారేసరికి కన్ను ఎర్రబడి నీళ్లు కారింది. హాలియాలో కంటి సెంటరుకు పోయాను.

డాక్టరు అక్కడ ఉండడు. మమత అనే పిల్ల కంటికి ఫొటో తీసి, ఒక ట్యాబ్ ముందు కూర్చోబెట్టింది.

"గిది అడుగుతది, చెప్పు తాతా. గది రాసిందే మా డాక్టరు చూస్తడు."

"కంటిలో ఏమైనా పడిందా అండీ?" అన్నది ట్యాబ్.

"గిది ఏ ఊరిది బిడ్డా? అండీ అంటాంది."

"దానికి ఊరు లేదు తియ్యి. జర జవాబియ్యి."

"పొట్టు పడ్డది."

"నాలుకతో తీయించడం గానీ, పసరు పోయడం గానీ చేశారా?"

ఒళ్లు మండింది. "గోపమ్మ సంగతి దీనికి ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు? అందర్నీ గట్లనే అడుగుతది."

నమ్మలేదు. ఆరేళ్ల కింద నా భార్య సావిత్రమ్మ జ్వరంతో దవాఖానలో పోయింది. 'ఇంట్లో నాటు మందు వాడారు' అని కాగితం మీద రాశారు. వాడలేదు. పొద్దంతా బెంచీ మీద పడుకోబెట్టిన సంగతి మాత్రం రాయలేదు. ఇప్పుడూ తప్పు నా మీదికే తోస్తారనుకున్నాను.

"చెయ్యలే," అన్నాను.

చీటీ వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, కన్ను తుడుచుకుని చదివాను. 'నాలుకతో తీయించలేదు. పసరు వాడలేదు. మూడు రోజులు చుక్కల మందు. తగ్గకపోతే రావాలి.'

ఆనాటి అబద్ధం వాళ్లు రాసింది. ఇది నేను రాయించింది. కన్ను నాది.

వెనక్కి తిరిగాను. "బిడ్డా, అబద్ధం చెప్పిన. రెండూ చేసిన."

"అయ్యో తాతా! దాన్ని మోసం జేసినవా, నిన్ను నువ్వు జేసుకున్నవా?"

ట్యాబ్ మళ్లీ అంతా అడిగింది. రెండో చీటీ వచ్చింది. 'చుక్కలు వేయవద్దు. నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది. ఈరోజే నల్లగొండలో కంటి డాక్టరుకు చూపించాలి.' మమత తమ డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయనా అదే మాట అన్నాడు.

"మొదటిది తీసెయ్యి," అన్నాను.

"పోదు తాతా. దాంట్ల రెండూ ఉంటయి."

"నా పేరు మీదనా?"

"మరి ఎవరి పేరు మీద?"

రెండు చీటీలూ పట్టుకుని నల్లగొండ బస్సెక్కాను. రెండూ డాక్టరు ముందు పెడతాను. ఏది అబద్ధమో ట్యాబ్ చెప్పనక్కర లేదు. నేనే చెప్తాను.