ఆకుపచ్చ గడి

తొమ్మిది కొట్టకముందే ఇష్‌బెల్ మూడు కిలోల క్యారెట్లు, అంతే బరువు ఉల్లిపాయలూ తరిగేసింది. సూప్ కోసం పంది కాలి ఎముక పొయ్యి మీద ఉడుకుతోంది. ఎర్రపప్పు కడిగి అందులో పోసి మూత పెట్టింది. ప్రతి మంగళవారం రేవు పక్కన హాల్లో ఇరవైరెండు మంది ఒంటరి ముసలివాళ్లకి మధ్యాహ్నం భోజనం పెట్టాలి. ఇవాళ అక్కడే, ఊరి పనుల కోసం కౌన్సిల్, ఇతర సంస్థలు కలిసి పెట్టుకున్న భాగస్వామ్యం వాళ్ల మీటింగు కూడా ఉంది కాబట్టి ఇంకో ఎనిమిది గిన్నెలు ఎక్కువ కావాలి.

"మంగళవారం నీకెలా కుదురుతుంది ఇష్? లంచ్ ఉందిగా. అమ్మ ఉందిగా," అన్నాడు భర్త గ్రెగర్, టోస్టు మీద మార్మలేడ్ రాసుకుంటూ. లైబ్రరీ వ్యాన్ నడిపే ఉద్యోగానికి రమ్మని ఆమెకొచ్చిన ఉత్తరం అతని కప్పు కిందే ఉంది. సాయంత్రం ఐదులోగా ఒప్పుకుంటున్నదీ లేనిదీ చెప్పాలి. వ్యాన్ వెళ్లేది మంగళ, గురువారాలు. పెళ్లికి ముందు ఇష్‌బెల్ తన నాన్న చేపల వ్యాన్ తనే నడుపుకుంటూ ఈ తీరమంతా తిరిగేది. యాభై ఆరేళ్ల వయసులో మళ్లీ స్టీరింగ్ అనగానే ఆమె చేతులు ఊరుకోవడం లేదు. ఆ సంగతి చెప్తే గ్రెగర్ నవ్వాడు. "ఇప్పుడు అన్నీ బాగానే నడుస్తున్నాయిగా, ఎందుకు కెలకడం?" అని కూడా అన్నాడు.

నిజమే, అన్నీ బాగానే నడుస్తున్నాయి. అదే ఆమెకి అంతుపట్టనిది. అత్తగారు నెట్టాని "మేమందరం చూసుకుంటున్నాం" అని గ్రెగర్ ఊళ్లో అందరికీ చెప్తాడు. ఆ 'మేమందరం'లో అతనున్నాడు, అతని తమ్ముడున్నాడు, అబర్డీన్‌లో ఆడపడుచుంది. కానీ మందుల డబ్బా నింపేది, డాక్టరు ఫోను ఎత్తేది, గోళ్లు తీసేది ఎవరని వెతుక్కుంటే ప్రతిసారీ తన చేతులే కనిపిస్తాయి. ఎప్పుడు ఒప్పుకుందో గుర్తులేదు. ఎవరూ అడిగినట్టు కూడా గుర్తులేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కాసేపు తన మీదే తెచ్చుకుని, మళ్లీ దాన్నీ వదిలేసింది.

హాలు సంగతీ అంతే. మూడేళ్ల కిందట కౌన్సిల్ వాళ్లు గోడకి పెద్ద కాగితాలు అంటించి, ఊరికి ఏం కావాలో చెప్పమని అందరికీ రంగు స్టిక్కర్లు పంచారు. ఇష్‌బెల్ వెళ్లి 'వృద్ధుల ఒంటరితనం' అన్నదాని కింద ఒక స్టిక్కర్ అంటించింది. ఒకే ఒక్కటి. పక్కనున్నావిడ, "నువ్వు ఇక్కడికి దగ్గరేగా, తాళం నీ దగ్గర ఉంచుకోకూడదూ?" అంది. స్టిక్కర్ అంటించడానికి వెళ్లిన మనిషి తాళంచెవితో ఇంటికొచ్చింది. ఆ తర్వాత వంట కూడా ఆమెదే అయింది.

హాల్లో ముసలివాళ్లకి వడ్డిస్తుంటే నెట్టా సూప్ రుచి చూసి, ఉప్పు తక్కువైందని మామూలుగానే సణిగింది. తర్వాత కోడలి మొహంలోకి చూసింది.

"వ్యాను ఉద్యోగం వచ్చిందటగా. గ్రెగర్ ఫోన్లో చెప్పాడు."

"కుదరదులెండి. మంగళవారాలు మీ మందులున్నాయి."

"వాణ్ణి ఇమ్మను. డబ్బా మీద రాసే ఉంటుంది, వాడికి చదవడం వచ్చు," అని ఆవిడ రొట్టెకి వెన్న రాసుకోవడంలో పడిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఆవిడ కోడలి పక్షాన మాట్లాడగా ఇష్‌బెల్ వినడం ఇదే మొదలు. మెచ్చుకుందో వెక్కిరించిందో కూడా సరిగ్గా తేలలేదు.

పక్కగదిలో మీటింగు మొదలైంది. కౌన్సిల్, ఆసుపత్రి, పోలీసు, అగ్నిమాపకం, కాలేజీ, అందరూ జీతాల మీద వచ్చినవాళ్లే. ఊరి తరఫున ఇష్‌బెల్ ఒక్కతే, అదీ గిన్నెలు పంచాక. అందరి ముందూ ఒక పట్టిక. ఒక్కో పనికి ఒక్కో వరస, దాని ఎదురుగా బాధ్యత ఎవరిదో, చివర రంగు గడి. పని సాగితే ఆకుపచ్చ, కుంటుతుంటే పసుపు, ఆగితే ఎరుపు. ఎరుపు వరసని మాత్రం ఏదో ఒక సంస్థ తన పేరు మీద తీసుకునేదాకా ఎవరూ కుర్చీలోంచి లేవకూడదు. ఆకుపచ్చ వాటిని చదవను కూడా చదవరు, పేజీ తిప్పేస్తారు.

తొమ్మిదో వరస: వృద్ధుల మంగళవారం భోజనం. బాధ్యత: సమాజం. మూడేళ్లుగా ఆకుపచ్చ.

ఆ మాట ఆమె ఎన్నోసార్లు చూసింది. ఇవాళ వేలు పెట్టి మరీ చదివింది. సమాజం అంటే ఎవరు? ఇవాళ క్యారెట్లు తరిగిందెవరు? తనేనా సమాజం? మరి మిగతా వరసల్లో ఉన్నవాళ్లందరికీ సొంత పేర్లుండి, తనకే ఎందుకు లేదు? తను మానేస్తే ఆ ఇరవైరెండు మందీ ఏమైపోతారు? మానకపోతే తనేమైపోతుంది? కిటికీ బయట సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొచ్చి పడవలు కనబడటం లేదు. ఆమె బుర్ర కూడా అలాగే ఉంది. ఒక్కటే తెలుస్తోంది: బాగా నడుస్తున్నంతకాలం ఈ వరస గురించి ఎవరూ మాట్లాడరు.

"ఆరు నుంచి పదిదాకా ఆకుపచ్చ. ముందుకెళ్దాం," అన్నాడు అధ్యక్షుడు డుగల్, రొట్టెముక్కతో గిన్నె అడుగు తుడుస్తూ.

"తొమ్మిది ఎరుపు చెయ్యండి," అంది ఇష్‌బెల్.

అందరూ కాగితాలు వెనక్కి తిప్పారు. ఆసుపత్రి ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. మినిట్స్ రాసే కిర్‌స్టీ తలెత్తి, ఎరుపైతే కారణం రాయాలని చెప్పింది.

"ఆ పని చేసే మనిషి వచ్చే వారం నుంచి రాదు."

డుగల్ నిజంగానే నొచ్చుకున్నాడు. మనిషి మంచివాడే. "అయ్యో. ఎవరామె? మన తరఫున ఒక కృతజ్ఞతల ఉత్తరం పంపుదాం. పేరు తెలుసా మీకు?"

ఇష్‌బెల్ ఏప్రన్ జేబులోంచి హాలు తాళంచెవి తీసి, అతను ఖాళీ చేసిన గిన్నె పక్కన పెట్టింది.

"ఇష్‌బెల్ కౌవీ," అంది. "పోస్టులో వెయ్యక్కర్లేదు. వచ్చే మంగళవారం పదకొండింటికి లైబ్రరీ వ్యాన్ మీ వీధికే వస్తుంది. డ్రైవర్ చేతికివ్వండి."