బుట్ట కేసెట్టు

"హెడ్డు తుడిచావా?"

శ్రీమన్నారాయణ రోజూ షాపులోకి అడుగుపెడుతూ అడిగే మాట ఇది. సమాధానం కోసం ఆగడు. పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, రెండు టేప్‌రికార్డర్ల హెడ్లూ భార్య ఎప్పుడో తుడిచేసి ఉంటుందని అతనికి తెలుసు. ఇంటి పని ముగించుకుని తొమ్మిదింటికల్లా సరోజ నూజివీడు బస్టాండు పక్కనున్న ఆ రికార్డింగు షాపులో ఉంటుంది. కేసెట్టు పెట్టాలి, మీట నొక్కాలి, అరగంటకి తిప్పాలి, అట్ట మీద పాటల పేర్లు గుండ్రంగా రాయాలి. షాపు మూసేదాకా అంతే. "కూర్చుని చేసే పనేగా, దానికేం కష్టం" అంటుంది అత్తగారు బసవమ్మ. బోర్డు మీద శ్రీమన్నారాయణ పేరుంది.

ఆ పేరుని హైదరాబాదు దాకా తీసుకెళ్ళింది ఒకే ఒక్క కేసెట్టు. రెండేళ్ల కిందట, ఎనభై నాలుగు మే నెలలో, మద్రాసు నుంచి ఒక రాక్ బృందం విజయవాడ వచ్చి ఆరుబయట కచేరీ చేసింది. ఇంగ్లీషు పాటలు, గిటార్లు, డ్రమ్ములు. ఒక్క రికార్డు కూడా వేయకుండానే వాళ్ళు ఆ ఏడాది విడిపోయారు. కచేరీ నాడు గేటు దగ్గర టేప్‌రికార్డర్లన్నీ లాక్కున్నారు. ఆరో నెల కడుపుతో ఉన్న మనిషి చేతిలోని మామిడిపళ్ళ బుట్టలో మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ బృందం పాట ఇవాళ మిగిలిందంటే ఆ బుట్టలోనే మిగిలింది.

బుట్ట ఆలోచన శ్రీమన్నారాయణది. బుట్ట కట్టింది సరోజ. చాట్రాయిలో తండ్రి తోటలో చిన్నప్పటి నుంచీ కట్టిన చెయ్యి. అడుగున వరిగడ్డి, చుట్టూ వరిగడ్డి, కాయకి కాయ తగలకూడదు. టేప్‌రికార్డర్‌నీ అలాగే పడుకోబెట్టి పైన ఒక వరస చిన్నరసాలు పేర్చింది. డ్రమ్ముల అదురంతా ఆ గడ్డి మింగేసింది. తర్వాత విజయవాడ నుంచి ఆంజనేయులనే లెక్చరర్ పనిగట్టుకుని వచ్చి, "డ్రమ్ము మోత ఇంత మెత్తగా ఎలా పట్టారండీ?" అని అడిగాడు. "అదో టెక్నిక్ లెండి" అన్నాడు శ్రీమన్నారాయణ. సరోజ అప్పుడు కేసెట్టు తిప్పుతోంది.

రెండో వైపు నిదానంగా సాగే పాట ఒకటుంది. దాని మధ్యలో ఒక ఆడగొంతు వినిపిస్తుంది. "ఏవండీ, బుట్ట కాసేపు పట్టుకోండి. కడుపులో లాగేస్తోంది." వెంటనే చప్పట్లు. ఆ మాటుంటేనే అసలు కాపీ, లేకపోతే నకిలీ. కొనేవాళ్ళు అడగడమే "బుట్ట కేసెట్టు ఉందా?" అని అడుగుతారు. సరదా గలవాళ్ళు కౌంటరు మీద వాలి, గొంతు సన్నం చేసి, "కడుపులో లాగేస్తోందండీ" అని మూలుగుతారు. శ్రీమన్నారాయణ వాళ్ళకంటే గట్టిగా నవ్వుతాడు. ఎవరావిడ అంటే, "పక్క వరసలో ఎవరో ముసలావిడ" అంటాడు. కచేరీ అయిన నాలుగో రోజు సరోజకి కడుపు పోయింది. బరువులేమైనా మోశావా అని ఆసుపత్రిలో నర్సు అడిగితే, "మా ఇంట్లో కోడలిచేత బరువులు మోయించం తల్లీ" అని బసవమ్మ తనే చెప్పేసింది. మంచం మీద పడుకుని సరోజ ఆ మాట విన్నది. రెండేళ్ళుగా తన నొప్పిని ఊరంతా వెక్కిరిస్తుంటే వింటోంది. రోజుకి పది కాపీల చొప్పున ఆ వెక్కిరింతని తన చేత్తోనే తీసి ఇస్తోంది.

ఆ మంగళవారం శ్రీమన్నారాయణ ఖాళీ కేసెట్లు కొనడానికి విజయవాడ వెళ్ళాడు. రెండు రోజుల దాకా రాడు. పదకొండింటికి లేయా వచ్చింది. ఆనాటి నర్సే.

"మా తమ్ముడికి ఏదో బుట్ట కేసెట్టంట. అదిలేకపోతే మనిషి బతకడంట" అంది నవ్వుతూ.

సరోజ కాపీ పెట్టి వినిపించింది. ఆ మాట వచ్చేసరికి లేయా నవ్వు ఆగిపోయింది.

"సరోజా, ఈ గొంతు నీది కదూ?"

సరోజ శబ్దం తగ్గించింది.

"ఎంతసేపు మోశావు?"

"మూడు గంటలు."

"ఆ రోజు అంతగా అడిగితే చెప్పలేదేం?"

"మా అత్తయ్యగారు చెప్పారుగా."

లేయా టేప్‌రికార్డర్ వంక చూసింది. "ఇంతకీ ఆయన పట్టుకున్నాడా?"

సరోజ టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. తన మాట. తర్వాత 'టిక్'మని చిన్న చప్పుడు. ఆపైన చప్పట్లు. ఆ రోజు మొగుడు ఏమన్నాడో ఆమెకి గుర్తుంది. గోలలో అది టేపుకి ఎక్కలేదని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ టిక్కుమన్న చప్పుడు, మొదటి కేసెట్టు నుంచి అతను కాపీ తీస్తూ మీట నొక్కి ఆపిన చప్పుడు. రోజుకి పదిసార్లు తను నొక్కే మీటే. అతను తన సొంత మాట విని సిగ్గుపడ్డాడు, కోసేశాడు. పెళ్ళాం మాట కోయాలని మాత్రం తోచలేదు. సిగ్గు పడాల్సింది తనొక్కడే అని అతనికి తెలుసన్నమాట.

షాపు వెనకే ఇల్లు. కచేరీలో ఎక్కించిన మొదటి కేసెట్టు దేవుడి గూట్లో ఉంటుంది. షాపులో సరోజ తీసేవన్నీ శ్రీమన్నారాయణ తీసిచ్చిన ఒక్క కాపీ నుంచే. బసవమ్మ రోజూ దానికి బొట్టు పెడుతుంది. సరోజ నేరుగా గూటి దగ్గరకి నడిచింది.

"దూరం దూరం. రెండో రోజు కదే నీకు" అంది బసవమ్మ. ఆ మూడు రోజులూ కోడలు వంటింట్లోకి రాకూడదు, షాపుకి మాత్రం వెళ్ళాలి. "ఆ గూడు ముట్టుకున్నావంటే ఇక కడుపు పండదు."

"బుట్ట మోసినప్పుడు నేను ఏ గూడూ ముట్టుకోలేదండి" అని సరోజ కేసెట్టు తీసుకుంది.

షాపులో లేయా, తనూ కలిసి విన్నారు. సరోజ మాట అయ్యాక, శ్రీమన్నారాయణ గొంతు చెవి పక్కనే పలికినంత స్పష్టంగా వచ్చింది. "కదలకు. టేపు పాడవుద్ది. నొప్పి సంగతి ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు."

లేయా తమ్ముడికి కొత్త కాపీ వెళ్ళింది. ఆ రెండు రోజులూ సరోజ వచ్చిన ఆర్డర్లన్నీ ఆ మొదటి కేసెట్టు నుంచే తీసింది. అట్టల మీద ఎప్పటిలాగే గుండ్రంగా రాసింది. ఎప్పటిలాగే ఊళ్ళకి చేర్చే బస్సు కండక్టర్లకి అప్పజెప్పింది.

గురువారం మధ్యాహ్నం శ్రీమన్నారాయణ వచ్చాడు. హెడ్డు మాట ఎత్తలేదు. ముఖం నల్లబడి ఉంది.

"విజయవాడలో ఆ లెక్చరర్ ఆంజనేయులు కొత్త కాపీ అందరి ముందూ పెట్టి వినిపించాడు. ఆ గొంతు మీదేగా అని నన్నే అడిగాడు. ఎన్ని పోయినాయి?"

"ఇరవై రెండు. మద్రాసుకి నాలుగు."

"లే. బస్టాండుకి పోయి, ఇవాళ ఇచ్చినవైనా వెనక్కి పట్రా."

రికార్డర్లో ఇరవై మూడోది తిరుగుతోంది. సరోజ దాని మీద నుంచి చూపు తిప్పలేదు.

"కదలకూడదండి" అంది. "టేపు పాడవుద్ది."