నాన్న ఎర్ర మిషన్లు

ఆ రోజు మా ఇంట్లో అయిదుగురం ఉన్నాం. నాన్న, అమ్మ, నాంచారమ్మత్త, ఇంజను బాగుచేయించుకోవడానికి వచ్చిన నబీ మావయ్య, నేను. నాన్న, నబీ మావయ్య వాకిట్లో రేకుల షెడ్డు కింద ఉన్నారు. అమ్మ వంటింట్లో టీ పెడుతోంది. అత్త వసారాలో మంచం మీద కూర్చుని కేలెండరు వైపు చూస్తోంది.

"రేపటికి వారం. పొద్దున్నే బందరెళ్ళి ఆ చెవి మిషన్లు వాళ్ళ మొహాన పడెయ్యమను మీ నాన్నని" అంది నాతో.

నేను జవాబు చెప్పినా ఆమెకి వినపడేది కాదు. చెవుల్లో లోపమున్నది నాన్నకే అయినా, నా మాట ఎవరికీ సరిగ్గా వినపడదు. బళ్ళో తెలుగు మాస్టారు పద్యం అప్పచెప్పమని, నేను చెప్పడం మొదలుపెట్టగానే, "లిఖితా, గోడకి చెప్తున్నావా, మాకు చెప్తున్నావా?" అనేవారు. అందుకే నేను చెప్పాలనుకున్నవి చాలావరకు డైరీలోకి వెళ్ళిపోతాయి.

మా ఊరు కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది. పడవల ఇంజన్లు, రొయ్యల చెరువుల దగ్గర డీజిల్ ఇంజన్లు, ఏది మొరాయించినా మా షెడ్డుకే వస్తుంది. ముప్ఫై ఏళ్ళ ఆ మోత నాన్న చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. అయినా ఇంజను విషయంలో ఆయన్ని మించినవాడు దివిసీమలో లేడంటారు. నడుస్తున్న ఇంజను మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి దవడకి పెట్టుకుంటాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, "బేరింగు పోయింది. ఇప్పి చూడు" అంటాడు. విప్పితే అదే. చెవులు బాగున్న మెకానిక్కులు కూడా అర్థంకానివి ఆయన దగ్గరికే తెస్తారు.

ఇంజన్ల మాట ఆయన చేత్తో వింటాడు. మనుషుల మాట అలా వినడం కుదరదు కదా. నాతో మాట్లాడాలంటే నన్ను వెలుతురులో కూర్చోబెట్టి నా పెదాలు చూస్తాడు. ఏళ్ళ తరబడి అలా చూసీ చూసీ ఆయనకి బాగా పట్టుబడింది. ఎంతలా అంటే, తాను చూస్తున్నట్టు ఆయనకే తెలీదు, వింటున్నాననే అనుకుంటాడు. నేను అన్నం తింటూ తల దించితే మాత్రం మా మాట అక్కడితో ఆగిపోతుంది.

పదో తరగతి పాసయ్యాక నాకు గుడివాడలో ఇంటర్ సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. ఫోను ఆదివారం ఒక్కరోజే, పది నిమిషాలు, వార్డెన్ గారి గదిలో ఉండే మామూలు బటన్ల ఫోను. ఈ సంగతులన్నీ అమ్మ నాన్నకి ఎదురుగా కూర్చుని విడమరిచి చెప్పింది. సీటు వచ్చినందుకు అందరూ లడ్డూలు తింటున్నారు. నాన్న తన లడ్డూ చేతిలోనే పట్టుకుని, "మొహం కనపడని ఫోనులో దాని మాట నాకెట్టా తెలుస్తది?" అన్నాడు.

ఆ లడ్డూ మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

రెండు రోజుల తర్వాత నాన్న, అత్త, నేను అవనిగడ్డలో బస్సు మారి, చల్లపల్లి మీదుగా బందరు వెళ్ళాం, నాన్నకి చెవి మిషన్లు కొనడానికి. అత్త ఎందుకంటే, ఏది కొనాలన్నా ఆమె పక్కన లేకపోతే నాన్నకి తోచదు. ఆమె అవనిగడ్డ మార్కెట్లో చేపలమ్ముతుంది. నాన్నకి ఎప్పుడూ ఇబ్బంది లేకుండా వినపడే గొంతు ఆమెదొక్కటే. నన్నెందుకు తీసుకెళ్ళడమని అత్త అడిగితే నాన్న, "నీ మాట వినడానికి నాకు మిషనెందుకక్కా? సముద్రం మీదున్నా వినపడతది. దీని మాట వినపడే మిషనైతేనే కొంటాను" అన్నాడు.

వినికిడి పరీక్ష చేసే ఆవిడ పేరు ముబీనా. ఆకుపచ్చ దుపట్టా తల మీదుగా వేసుకుని, నెమ్మదిగా నవ్వుతూ మాట్లాడుతుంది. నాన్నని గాజుకిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోను పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. కిటికీలోంచి నాన్న బొటనవేలు కనపడుతూనే ఉంది. మొదట్లో టకటకా నొక్కాడు. తర్వాత చాలాసేపు ఆ వేలు కదల్లేదు. ఏదో వచ్చి పోతోందని తెలిసి, దాని కోసం ఆయన ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాడు. ఎంత పెద్ద ఇంజను ముందూ నాన్న అలా కూర్చోవడం నేను చూడలేదు.

బయటికి వచ్చాక ఆవిడ ఒక కాగితం మీద గీత చూపించింది. గీత ఎడం పక్క పైన ఉండి, కుడి పక్కకి వచ్చేసరికి ఏటిగట్టు తెగినట్టు కిందికి జారిపోయింది.

"లావుగా ఉండే శబ్దాలు మీకింకా కొంత తెలుస్తున్నాయండీ. సన్నగా ఉండే శబ్దాలు బాగా పోయాయి. ఇంజన్ల దగ్గర పనిచేసేవాళ్ళకి ఇట్లాగే అవుతుంది" అని, నా చేత నాలుగు మాటలు చెప్పించుకుని, పెన్నుతో గీత జారిన చోట చుట్టింది. "మీ పాప గొంతు ఇదిగో, సరిగ్గా ఇక్కడుంది."

నాన్న ఆ చుట్టిన చోట వేలు పెట్టాడు. "అయితే లోపం దాని గొంతులో లేదు కదండీ?"

"లేదండీ."

"ఇన్నేళ్ళూ గట్టిగా మాట్లాడవే అని తిట్టాను దీన్ని" అన్నాడు. అన్నాక నా జడ సరిచేశాడు. జడ బాగానే ఉంది.

తర్వాత మిషన్లు చూపించారు. మొదటిది చెవి లోపలికి వెళ్ళిపోయేది. పెట్టుకుంటే కనపడనే కనపడదు. అత్తకి అదే నచ్చింది.

"ఇది తీసుకోరా తమ్ముడూ. చెవి మీద మిషను కనపడితే ఊళ్ళో చెవిటోడనుకుంటారు."

"ఇప్పుడేమనుకుంటున్నారక్కా?"

"ఇప్పుడూ అదే అంటున్నారులే."

"నాకు వినపడదు కాబట్టి ఇబ్బంది లేకుండా పోయింది" అన్నాడు నాన్న. ముబీనా గారు నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆవిడ దాన్ని నాన్న చెవిలో పెట్టి కంప్యూటరులో ఏదో సరిచేసింది. అది పూర్తవకుండానే అత్త పరీక్ష మొదలుపెట్టింది. నాన్నకి ఎదురుగా కూర్చుని, ఎప్పుడూ లేనిది గొంతు బాగా తగ్గించి, తానమ్మే చేపల పేర్లతో మొదలుపెట్టి, "కొయ్యింగలు" అంది. నాన్న కొయ్యింగలు అన్నాడు. "చందువా" అంది. చందువా అన్నాడు. "గుడివాడ బస్సు", "చింతచిగురు", ఏదన్నా తిరిగి చెప్పేశాడు. అత్త చప్పట్లు కొట్టింది. "చాలండీ, ఇది కట్టివ్వండి" అంది. నాన్న మొహం వెలిగిపోయింది.

నేను మాత్రం నాన్న కళ్ళే చూస్తున్నాను. నాన్న చూపు అత్త పెదాల మీదే ఉంది. అది ఆయనకి తెలీదు, అత్తకి తెలీదు. ఆ మిషనే తీసుకుంటే మొదటి ఆదివారం ఫోను చెవికి పెట్టుకున్నాక తెలుస్తుంది. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. కొత్త మనిషి ముందు, అత్త ముందు, నాన్న మొహంలో ఆ వెలుగుండగా. మూడుసార్లు నోరు తెరిచి మూశాను. నాలుగోసారి లేచి ముబీనా గారి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"నాన్న వినట్లేదండీ. చూస్తున్నారు."

"ఏంటే ఆ గొణుగుడు?" అంది అత్త.

ముబీనా గారు అత్త వైపు తిరిగింది. "గొణగలేదండీ, నాకు బాగా వినపడింది. నేను ఇప్పుడు చెయ్యబోయేది అదే. మీ అమ్మాయి నాకంటే ముందే పట్టేసింది" అంటూ ఒక ఫైలు తీసి నా చేతికిచ్చింది. "దీన్ని నోటికి అడ్డం పెట్టుకుని నువ్వే చెప్పమ్మా, మామూలుగా మాట్లాడినట్టే."

పది మాటలు చెప్పాను. నాన్నకి రెండే తెలిశాయి.

మొహాన నీళ్ళు కొట్టినట్టయింది ఆయనకి. ఫైలు దించాక చూస్తే, బాగుచేసి పంపిన ఇంజను వారం తిరక్కుండా వెనక్కి వచ్చినప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. కోప్పడతాడనుకున్నాను. "మంచిపని చేశావమ్మా. నన్ను నేనే మోసం చేసుకుంటన్నాను" అన్నాడు. మిషను చెవిలోంచి తీసి బల్ల మీద పెట్టి, "ఇంకోటి చూపించండి" అన్నాడు.

చెవి వెనక తగిలించుకునేవి కొంచెం పెద్దవి. నాన్నంత వినికిడి పోయినవాళ్ళకి వాటి బలమే కావాలని, రెండు చెవులకీ పెట్టుకోవాలని ఆవిడ చెప్పింది. వాటిలోనూ రెండు రకాలు. ఒకదానికి మినపగింజంత బ్యాటరీ మార్చుకోవాలి. మార్చి చూపించమంటే, గ్రీజు మరకలున్న నాన్న లావుపాటి వేళ్ళలోంచి అది మూడుసార్లు జారి మంచినీళ్ళ కూజా కిందికి దొర్లింది. నాన్న సిగ్గుపడకుండా, "ఈ చేతులకి ఇది పనికిరాదండీ" అని, డబ్బాలో పెట్టి చార్జింగు చేసుకునేది తీసుకున్నాడు. రంగు దగ్గర మళ్ళీ అత్త అడ్డుపడింది. చర్మం రంగుది తీసుకోమంది. నాన్న ఎర్రవి ఏరుకున్నాడు.

"ఎర్రవేంట్రా, గాజులు కొంటున్నావా?"

"ఇంజను కింద పడితే కనపడొద్దా?"

అవి పెట్టుకున్నాక, నేను మళ్ళీ ఫైలు అడ్డం పెట్టుకుని పది మాటలు చెబితే అయిదు తెలిశాయి. "మెదడు ఆ శబ్దాలు మర్చిపోయిందండీ, మళ్ళీ నేర్చుకోవాలి. వారం పెట్టుకుని చూడండి. కుదరకపోతే తెచ్చివ్వండి" అంది ముబీనా గారు. ఇంజను నడిపేటప్పుడు మాత్రం వాటిని తీసేసి, చెవులకి మోత తగలకుండా పెట్టుకునేవి వేరే ఇచ్చింది.

ఆ వారం నాన్నని చూసి నేను నేర్చుకున్నంత ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. మొదటిరోజు అమ్మ గిన్నెలు తోముతుంటే చెవులు మూసుకుని పెరట్లోకి పరుగెత్తాడు. కోళ్ళ గోల, కుక్కరు, చీపురు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. అయినా అనుకున్న గంటలు పూర్తయ్యేదాకా తియ్యలేదు. ఎన్ని గంటలు పెట్టుకున్నాడో షెడ్డు గోడ మీద సుద్దతో గీసేవాడు. రెండు, మూడు, నాలుగున్నర. మూడోరోజు అత్త వచ్చి ఎందుకీ బాధ అంటే, "కొత్త ఇంజనుకి ముందే పూర్తి లోడేస్తే పట్టేస్తదక్కా. మెల్లగా తిప్పుకోవాలి. నా బుర్రకీ అంతే" అన్నాడు. సాయంత్రాలు నన్ను తన వెనక కూర్చోబెట్టుకుని పేపరు చదివించుకునేవాడు. ఒక్కో వాక్యం తిరిగి చెప్పేవాడు. తప్పయితే మళ్ళీ. విసుక్కోలేదు. నన్ను గట్టిగా చదవమని ఒక్కసారీ అనలేదు.

అలా ఆరో రోజు వచ్చింది. ఇంజను మోత ఆగింది. "నీ చెయ్యి చెయ్యి కాదు బావా, డాక్టరు చెవుల్లో పెట్టుకునే గొట్టం!" అంటూ నబీ మావయ్య నాన్న వెంట వసారాలోకి వచ్చాడు. అమ్మ టీ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టి వెళ్ళింది. నాన్న సబ్బుతో చేతులు కడుక్కుని తుడుచుకుని, డబ్బాలోంచి ఎర్ర మిషన్లు తీసి చెవుల వెనక తగిలించుకున్నాడు. మొదట్లో అద్దం చూసుకుని పెట్టుకునేవాడు, ఇప్పుడు ఆయన వేళ్ళకి అది అక్కర్లేదు.

"రేపు ఇచ్చేస్తున్నావా లేదా?" అంది అత్త.

"ఇప్పుడు తేలిపోద్ది. లిఖితమ్మా, నువ్విక్కడే నిలబడు. నేను గదిలోకెళ్ళి తలుపేసుకుంటా. ఏదో ఒకటి చెప్పు. నీ గొంతుతోనే" అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. నాన్న లోపలికి వెళ్ళి తలుపు వేశాడు. తలుపు సందులోంచి ఆయన చెయ్యి చెక్కకి ఆని ఉన్నట్టు నీడ కనపడింది.

"తలుపు మీద చెయ్యి తీసెయ్ నాన్నా" అన్నాను.

నీడ పక్కకి జరిగింది. "తీశాను" అన్నాడు లోపలినుంచి.

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. నాకు ఇంకేం చెప్పాలో తోచలేదు. "నబీ మావయ్య టీ తాగట్లేదు" అన్నాను.

"తాగమను. చల్లారిపోద్ది."

"అల్లా!" అని నబీ మావయ్య గ్లాసు అందుకున్నాడు.

అత్త ఒప్పుకోలేదు. "టీ ఇచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు చల్లారబెడతాడు, అది ఊహించి చెప్పాడు. వాడు ఊహించలేనిది చెప్పవే" అంది.

నాన్న ఊహించలేనిది నా దగ్గర ఒక్కటే ఉంది. డైరీలో తప్ప ఎక్కడా లేదు. తలుపుకి దగ్గరగా వెళ్ళకుండా, నిలబడ్డ చోటునుంచే, నాకు మామూలుగా వచ్చే గొంతుతో అన్నాను.

"నాకు హాస్టల్ అంటే భయంగా ఉంది నాన్నా."

"ఏమందీ?" అంది అత్త, రెండడుగుల దూరంలో ఉండి కూడా. నబీ మావయ్య తెలీదన్నట్టు తల ఊపాడు. లోపలినుంచి ఏ మాటా రాలేదు. మిషన్లు తిరిగిచ్చెయ్యడానికి రేపు బందరు బస్సు ఎన్నింటికో అని అప్పుడే అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. నాన్న గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. ఆయన చూపు నా పెదాల మీద ఆగలేదు.

"ఏమందిరా?" అంది అత్త.

"నాకు చెప్పింది" అన్నాడు నాన్న. చెవి వెనక ఎర్ర మిషను ఒకసారి సర్దుకుని, "ఆదివారం కూడా ఇంత మెల్లగానే చెప్పు. ఇంకా ఏం భయాలున్నాయో ఒక్కోటీ చెప్పమ్మా, వింటాను" అని, వినడానికి మళ్ళీ లోపలికెళ్ళి నా మొహాన తలుపు వేసేశాడు.